మిడతల దండుకి ఫొటో తీసినవాళ్లు

2020 మే నెల చివర్లో మీ ఫోన్‌కి కూడా ఒక ఫొటో వచ్చే ఉంటుంది. అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గర జిల్లేడు చెట్టు, దాని నిండా గుంపుగా మిడతలు. "వచ్చేశాయి, మనదాకా వచ్చేశాయి" అని కింద రాసి ఎవరో పంపారు. మనం ఇంకో పదిమందికి పంపాం. తీరా వ్యవసాయాధికారులు వెళ్లి చూస్తే అవి జిల్లేడు ఆకు తిని బతికే మన మిడతలే. రాజస్థాన్, మధ్యప్రదేశ్ దాటి విదర్భదాకా వచ్చిన ఎడారి మిడతలు వేరు. ఆ దండు ఇటు తిరుగుతుందేమోనని తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. గాలి మనవైపు లేక బతికిపోయాం.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ ఫొటో దొంగది కాదు. దాని కింద రాసిన మాట తప్పు. అంతే తేడా. కానీ ఆ తేడాతోనే రైతుకి నిద్ర పట్టకుండా పోతుంది, లేదా అవసరం లేని మందు కొట్టిస్తారు. అందుకే ఈ రోజు మిడతల దండుకి సరిగ్గా ఫొటో తీసినవాళ్ల గురించి చెబుతాను. 100 ఏళ్లు దాటిన కథ. మనకీ పనికొస్తుంది.

1915 మార్చి. ఊరు జెరూసలేం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, పాలస్తీనా అప్పటికి తురుష్కుల ఒట్టోమాన్ సామ్రాజ్యంలో ఉంది. ఊళ్లలో వయసు మగవాళ్లని సైన్యానికి లాక్కుపోయారు. ఎడ్లు, గుర్రాలు, ధాన్యం కూడా పట్టుకుపోయారు. అలాంటి సమయంలో ఆకాశం మసకబారేలా మిడతలు దిగాయి.

ఆ ఊళ్లో అమెరికన్ కాలనీ అని ఒక క్రైస్తవ సమాజం ఉండేది. 1881లో షికాగో నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, తర్వాత వాళ్లతో కలిసిన స్వీడన్ వాళ్లు. వాళ్లకి ఒక ఫొటో విభాగం ఉంది. యాత్రికులకి పుణ్యక్షేత్రాల బొమ్మలు అమ్ముకునేవాళ్లు. దానికి పెద్ద లూయిస్ లార్సన్, చిన్నప్పుడే స్వీడన్ పల్లె నుంచి వచ్చినవాడు. ఆ ప్రాంతపు సైన్యాధిపతి జెమాల్ పాషా వీళ్లని పిలిచి, మిడతల సంగతి మొత్తం ఫొటోలు తీయమన్నాడు.

మామూలుగా అయితే ఎవరైనా ఏం తీస్తారు? ఆకాశంలో మబ్బులా కమ్మిన దండుని తీసి వెళ్లిపోతారు. వీళ్లు అలా చేయలేదు. నెలల తరబడి మిడత వెంటే ఉన్నారు. ఆడ మిడత నేలలో తోక గుచ్చి గుడ్లు పెట్టడం తీశారు. తవ్వి తీసిన గుడ్ల ముద్దల్ని తీశారు. రెక్కలు రాని పిల్లలు రోడ్ల మీద, గోడల మీద పాకుతూ సాగడం తీశారు. చివరికి ముదిరి రెక్కలొచ్చి లేవడం తీశారు. ఒక అంజూరు చెట్టుని ఆకు ఉన్నప్పుడు ఒకసారి, మిడతలు తినేశాక మళ్లీ ఒకసారి తీశారు. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఇక వివరణ అక్కర్లేదు. ఏ చెట్టు, ఎంత పోయింది, చూసినవాడికి తెలిసిపోతుంది.

మనుషులు ఏం చేశారో కూడా ఆ ఫొటోల్లో ఉంది. మగవాళ్లు తలా 20 కిలోల గుడ్లు తవ్వి తెచ్చి అప్పగించాలి, లేకపోతే జరిమానా అని ప్రభుత్వం చట్టం పెట్టింది. పిల్ల మిడతలకి వేరే ఉపాయం. నేలలో గొయ్యి తీసి, లోపల రేకు కొట్టిన పెట్టె దించుతారు. జనం బారుగా నిలబడి జెండాలు ఊపుతూ పిల్లల్ని అటు తోలుతారు. పెట్టెలో పడితే రేకు జారుడుకి పైకి ఎక్కలేవు. రెక్క రాకముందే పట్టాలి, వచ్చాక చేతులెత్తేయడమే అన్న సంగతి ఆ జనానికి తెలుసు.

ఆ ఏడాది డిసెంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఈ ఫొటోలతో జాన్ వైటింగ్ రాసిన వ్యాసం వేసింది. ఆయనా ఆ కాలనీ మనిషే. ఆ ఫొటోల ఆల్బమ్ ఇప్పుడు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. ఒంటరి మిడత, దండు మిడత రెండు వేరు జాతులు కావు, గుంపు పెరిగితే ఒకటే రంగూ గుణమూ మార్చుకుంటుందని బోరిస్ ఉవరోవ్ వలస మిడతని చూసి చెప్పింది 1921లో. అంటే శాస్త్రం అక్కడిదాకా రాకముందే ఈ ఫొటోలు తీశారు.

అయితే మెచ్చుకుని వదిలేయకూడదు. ఆ ఫొటోలు తీయించింది ఎవరు? సైన్యాధిపతి. అందుకే గుడ్లు తవ్వేవాళ్లు కనిపిస్తారు గానీ, ఇంట్లో గింజ లేకుండా చేసినవాళ్లు కనిపించరు. ఆ తర్వాత లెబనాన్ కొండల్లో కరువొచ్చి లక్షల్లో జనం చనిపోయారు. మిడత ఒక కారణం. సముద్రం మీద దిగ్బంధం, సైన్యం ధాన్యం లాక్కోవడం, దళారుల నిల్వలు మిగతా కారణాలు. ఫొటోలో మిడత ఒక్కటే దొరికిపోయింది.

ఇప్పుడు 2020కి రండి. 2018లో మేలో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు తుపానులు అరేబియా ఎడారిలో వాన కురిపించాయి. తడి ఇసుక, పచ్చిక దొరికాయి. మనిషి అడుగుపెట్టని చోట మిడత తరం మీద తరం పెరిగింది. అక్కడి నుంచి ఆఫ్రికాకీ, ఇరాన్ పాకిస్తాన్ మీదుగా మనకీ వచ్చింది. ఒక్క చదరపు కిలోమీటరు దండు రోజుకి 35,000 మంది తినేంత తింటుందని ఎఫ్ఏఓ లెక్క.

కెన్యాలో సంబురు ప్రాంతంలో లూయిస్ టాటో అనే స్పెయిన్ ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో మీరు చూసే ఉంటారు. పసుపు రంగు మిడతల మధ్య ఒక ఊరిపెద్ద నిలబడి తోలుతుంటాడు. ప్రపంచ పోటీలో బహుమతి వచ్చింది. గొప్ప ఫొటో, కాదనను. కానీ ఆ మనిషి దగ్గరికి దండు చేరిందంటే, అప్పటికే నెలల కిందట ఎవరూ చూడని ఇసుకలో గుడ్లు పొదిగిపోయాయి. గుడ్డు ఫొటోకి బహుమతి రాదు. పంటని కాపాడేది మాత్రం గుడ్డు ఫొటోనే.

ఈ సంగతి అర్థమయ్యే ఆ ఏడాదే ఎఫ్ఏఓ వాళ్లు ఈలోకస్ట్3ఎం అనే ఫోన్ యాప్ తెచ్చారు. రైతో, పశువుల కాపరో మిడతని ఫొటో తీస్తే ఎక్కడ, ఏ రోజు, పిల్లదా పెద్దదా అన్నది కలిపి వెళుతుంది. మన దేశంలో 1939లోనే మిడతల హెచ్చరిక సంస్థ పెట్టారు. దానికి కూడా కావలసింది ఇలాంటి కబురే. అది లేకుండా చెబితే మిడతంభొట్లు జోస్యమే.

కాబట్టి నా మాట ఇది. మన దగ్గర ఎడారి మిడత రాకపోవచ్చు. కత్తెర పురుగు వచ్చింది, గులాబీ రంగు పురుగు వచ్చింది, మిర్చిలో తామర పురుగు వచ్చింది. చేలో ఏదైనా కనిపిస్తే ఫొటో తీయండి. ఆకు బాగున్నప్పుడు ఒకటి, తిన్నాక అదే చోట నిలబడి ఇంకోటి. ఆకు అడుగున గుడ్లుంటే దగ్గరగా తీయండి. ఊరు, తేదీ, పంట వయసు రాయండి. ముందు ఏఈఓకో, రైతు సేవా కేంద్రానికో పంపండి. ఆ తర్వాతే గ్రూపుల్లో పెట్టండి.

1915లో గాజు పలకల మీద వాళ్లు చేసిన పని ఇదే. మన జేబులో అంతకంటే మంచి కెమెరా ఉంది.