ఫారం 26: అభ్యర్థి ఇంటి లెక్కలు బయటికొచ్చిన తీరు

భారతదేశంలో చట్టసభలకు పోటీచేసే ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తోపాటు ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇవ్వాలి. జనం నోట దాని పేరు అఫిడవిట్. అభ్యర్థి మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అందులో ఉంటాయి. భార్య లేదా భర్త పేరున ఉన్న నగల తూకం, విలువ కూడా రాయాలి. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద, ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా చూడవచ్చు. ఇంత సమాచారం ఓటరుకు దొరకడం 2003 తర్వాతి మాట. అంతకుముందు అభ్యర్థి ఆస్తిపాస్తులు ఊరివాళ్ల ఊహలకే వదిలేసిన విషయం. నేరశిక్షల వివరాల వరకు మాత్రం ఎన్నికల సంఘం 1997లోనే ప్రమాణపత్రం అడగడం మొదలుపెట్టింది.

ఈ మార్పుకు ముందు నడిచిన చర్చలో తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. 1999 మేలో ఎన్నికల సంస్కరణలపై 170వ నివేదిక ఇచ్చిన లా కమిషన్‌కు అధ్యక్షుడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆస్తుల, కేసుల వివరాలను నామినేషన్‌తోనే తీసుకోవాలని ఆ నివేదిక సూచించింది. అదే ఏడాది ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సత్తా అనే సంస్థ నేరచరితులైన అభ్యర్థుల జాబితా విడుదల చేసి రాజకీయ పక్షాలను ఇబ్బంది పెట్టింది. అహ్మదాబాద్ ఐఐఎం అధ్యాపకులు కొందరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) పేరుతో, ఈ వివరాలు ఓటరుకు ఇప్పించాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిందీ 1999లోనే.

2000 నవంబరులో హైకోర్టు వారి వాదనను ఒప్పుకుంది. కేంద్రం అప్పీలు చేసింది. 2002 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అభ్యర్థి గురించి తెలుసుకోవడాన్ని రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటన స్వేచ్ఛలో భాగంగా చూసింది. ఓటు వేయడం కూడా ఒక అభిప్రాయం చెప్పడమేనని, ఏమీ తెలియకుండా అభిప్రాయం చెప్పడం కుదరదని దాని సారాంశం. నేరచరిత్ర, పెండింగు కేసులు, కుటుంబ ఆస్తులు, ప్రభుత్వానికీ బ్యాంకులకూ ఉన్న బాకీలు, విద్యార్హతలు అడగాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. జూన్ 28న సంఘం ఉత్తర్వులిచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరం. ఎన్నడూ ఒక మాట మీద నిలవని పార్టీలు ఈ విషయంలో ఏకమయ్యాయి. జులైలో జరిగిన అఖిలపక్ష సమావేశం ఎన్నికల సంఘం ఉత్తర్వులను తిరస్కరించింది. వాటిని పక్కన పెట్టేలా కేంద్రం ఆర్డినెన్సు తయారుచేసింది. అప్పుడే పదవిలోకి వచ్చిన రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. మంత్రిమండలి మళ్లీ అదే పంపడంతో ఆగస్టు 24న సంతకం చేయక తప్పలేదు. ఏడాది చివరికి అది చట్టమైంది. తీవ్రమైన కేసుల వివరాలు చెప్పాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో కొత్తగా చేరిన 33ఎ సెక్షను అంది. చట్టంలో లేని ఏ సమాచారాన్నీ, కోర్టు చెప్పినా సరే, అభ్యర్థి ఇవ్వనక్కర్లేదని 33బి తేల్చింది. ఆస్తుల లెక్క గెలిచాక సభాపతికి చెబితే చాలు. అంటే ఓటరుకు కావలసిన లెక్క, ఓటు పడిపోయాక, అతనికి అందని చోటికి చేరుతుంది.

పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, లోక్‌సత్తా, ఏడీఆర్ దీనిమీద కోర్టుకెక్కాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు 33బిని కొట్టేసింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో జస్టిస్ పి. వెంకటరామరెడ్డి విడిగా తీర్పు రాశారు. అభ్యర్థి భార్య లేదా భర్త ఆస్తులు వాళ్ల సొంత వ్యవహారం కదా అన్న ప్రశ్నకు ఆయన సూటిగా జవాబిచ్చారు. వ్యక్తి గోప్యతకూ ఓటరు హక్కుకూ పోటీ వచ్చినప్పుడు గోప్యతే తగ్గాలన్నారు. విద్యార్హత వెల్లడి మాత్రం అంత అవసరం కాదని ఆయన అభిప్రాయం. అయినా ఫారంలో ఆ గడి ఉండిపోయింది. ఆ నెల 27న సంఘం కొత్త ఉత్తర్వులిచ్చింది.

హక్కు వచ్చినా ఖాళీ గడులు మిగిలాయి. ఇబ్బందికరమైన వివరం దగ్గర కొందరు అభ్యర్థులు ఏమీ రాయకుండా వదిలేసేవారు. అబద్ధం రాస్తే నేరం, రాయకపోతే ఏమవుతుందో స్పష్టత లేదు. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ సందును మూసేసింది: నోటీసు ఇచ్చినా గడి నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. గుజరాత్ శాసనసభకు ఇచ్చిన అఫిడవిట్లలో జీవిత భాగస్వామి గడిని ఖాళీగా వదిలిన నరేంద్ర మోదీ, 2014లో వడోదర లోక్‌సభ నామినేషన్‌లో తొలిసారి భార్య పేరు రాశారు. ఆ తర్వాత ఆదాయ మార్గాలు, 2019లో అయిదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు, విదేశీ ఆస్తులు ఫారంలో చేరాయి. పత్రికల్లో, టీవీల్లో కేసుల ప్రకటనలు ఇవ్వడమూ తప్పనిసరైంది.

బలహీనత మరోచోట ఉంది. రాసింది నిజమా కాదా అని రిటర్నింగ్ అధికారి విచారించడు. తప్పుడు ప్రమాణానికి ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అది కూడా ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే. ఎన్నికనే సవాలు చేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి.

అలాంటి పిటిషనే 2024లో గోప్యత ప్రశ్నను మళ్లీ తెరిచింది. అరుణాచల్‌ప్రదేశ్‌లోని తేజు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా 2019లో గెలిచిన కారిఖో క్రి, కుటుంబ సభ్యుల పేరున ఉన్న మూడు వాహనాలను చూపలేదు. ఒక స్కూటరు, ఒక ఓమ్ని వ్యాను, ఒక మోటారు సైకిలు. అవి అప్పటికే చేతులు మారాయి గానీ కాగితాల్లో పేరు మారలేదు. గౌహతి హైకోర్టు ఎన్నిక రద్దు చేసింది. ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ రద్దును తోసిపుచ్చింది. తీర్పు రాసినవారు హైదరాబాదుకు చెందిన జస్టిస్ సంజయ్ కుమార్. అభ్యర్థికీ గోప్యత ఉందని, బట్టలు, చెప్పులు, గిన్నెలు, కుర్చీలు అన్నీ రాయనక్కర్లేదని ఆయన అన్నారు. లక్షలు విలువచేసే గడియారాలను దాచడం మాత్రం వేరే సంగతి, అవి విలాస జీవితానికి గుర్తులు కాబట్టి. ఏది దాచడం పెద్ద తప్పో, ఏది కాదో ఏ కేసుకు ఆ కేసులోనే తేల్చాలన్నది ఆ తీర్పు.