దొరసానిలో మిగిలిన సాని

చేతికి పని తగలనివ్వని కోడలు వస్తే "దొరసాని దిగొచ్చింది" అని మూతి తిప్పడం ఇందుకూరుపేటలోనైనా ఇల్లెందులోనైనా ఒకటే. ఆ మాటలో ఎత్తిపొడుపుతో పాటు కాస్త గొప్ప కూడా ఉంటుంది. ముందున్న 'దొర'ను తీసేసి ఉత్త 'సాని' అని చూడండి, వీధిన పడి కొట్టుకుంటారు. ఒక్క మాటలోనే ఇంత గౌరవమూ ఇంత తిట్టూ ఎలా చేరాయన్న దానికి జవాబు ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి రాళ్ల మీద ఉంది.

సంస్కృతంలోని 'స్వామిని' జనం నోట నలిగి సాని అయింది. స్వామిని అంటే సొత్తు గల మనిషి, యజమానురాలు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల గుళ్లున్నాయి. వాటిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసాని. గుడిలో వెలసిన శివుడికి మొగుడి పేరు కాదు, తన పేరే పెట్టింది. కాకతీయుల కింద ఊళ్లేలిన రెడ్ల ఇళ్లలో ఆడవాళ్ల పేరు చివర సాని ఉందంటే, నేటి భాషలో చెప్పాలంటే, ఆమె సంతకం చెల్లుతుందన్నమాట. రాజు ఇంటి ఆడపడుచుల తీరు వేరు. కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు, బయ్యారం చెరువు తవ్వించిన మైలాంబ పేరు చివర 'అంబ' ఉంది. ఆయన కూతురు రుద్రమ ఇంకో మెట్టు పైకెక్కి, ఆడ బిరుదుల జోలికే పోకుండా రుద్రదేవ మహారాజు అనిపించుకుంది.

ఇక్కడే అసలు తిరకాసు. ఎరకసాని గుడి కట్టించిన కాలంలోనే దాక్షారామ భీమేశ్వరుడి కొలువులో ఆడిపాడే ఆడవాళ్లనూ సానులనే అన్నారు. శాసనాల్లో వాళ్లది 'సాని మున్నూరు', అంటే మూడు వందల మంది సానుల సమూహం. వాళ్లేమీ ఒకరి దయ మీద బతికినవాళ్లు కాదు. ఆ కాలంలో గుడిలో అఖండదీపం నిలపాలంటే నేతి కోసం మామూలుగా యాభై గొర్రెల్ని ఇచ్చేవారు. అలాంటి దానాలు చేసిన సానులున్నారు. దొర ఇంటి ఇల్లాలికీ దేవుడి ఇంటి కొలువుకత్తెకీ ఒకే బిరుదు ఉండడం ఆనాటివాళ్లకు వింతగా తోచలేదు. తోచి ఉంటే బేతిరెడ్డి ఇంట్లో ఆ పేరు చెక్కించేవారే కాదు.

నెల్లూరు సీమలో కథ కొంచెం మలుపు తిరుగుతుంది. ఈ జిల్లా శాసనాల్ని బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి పోగుచేసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. వాటిలో తెలుగు పక్కనే తమిళమూ కనబడుతుంది, చోళుల ఏలుబడి పెన్న దాకా సాగింది మరి. తమిళంలో దొరసానికి దీటైన మాట 'నాచ్చియార్'. అదే తెలుగులో నాంచారి, నాంచారమ్మ అయింది. ఇంకా తమాషా, తిరుపతి వెంకన్న దేవేరిగా జనం చెప్పుకునే బీబీ నాంచారమ్మది. బీబీ పారసీ దొరసాని, నాంచారి అరవ దొరసాని, చివరి అమ్మ మన తెలుగుది. మూడు భాషల మర్యాదే తప్ప, అందులో మనిషి పేరు ఒక్క అక్షరమూ లేదు!

సాని కిందకు జారింది గుడి మాన్యాలూ జమీందార్ల ఆదరణా తరిగిన కొద్దీ. ఆటపాటలు తెలిసినవాళ్లకు బతుకు గడవక పోషకుల వెంట పడాల్సివచ్చింది, ఊరి నాలుక దాన్ని వదల్లేదు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో గొప్పింటి స్త్రీ, వేశ్య అన్న రెండర్థాలూ ఒకే పదం కింద ఉన్నాయి. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చేనాటికి సాని అన్నది పూర్తిగా తిట్టయిపోయింది. మన ఒక్కరి పాపమే కాదిది. ఝాన్సీ రాణి పేరు చివరి 'బాయి'ని ఉత్తరాదిలో మేజువాణీల పాటకత్తెలకూ తగిలించారు. ఇంగ్లీషు 'మేడమ్' కూడా వేశ్యాగృహం నడిపే ఆమెకు చెల్లుతుంది. మగ బిరుదులకు ఈ గతి ఎందుకు పట్టలేదో మగవాళ్లే చెప్పాలి. స్వామి ఇప్పటికీ స్వామే కదా.

మర్యాదగల ఇళ్లు సానిని వదిలేశాయి. తోడు దొరికినచోట మాత్రం అది బతికింది. కంపెనీ కాలంలో దొరంటే తెల్లవాడు, దొరసాని అంటే వాడి భార్య. పురుడు పోసే పెద్దదిక్కు మంత్రసాని.

సానిని వదిలేసిన ఇళ్లకు ఒక ఉదాహరణ చూడండి. ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దాని వెనక నిలిచినవాళ్లలో పొణకా కనకమ్మ ఒకరు. ఆమెదీ ఊళ్లో పెత్తనమున్న రెడ్ల ఇల్లే. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. కాకతీయుల నాడు పుట్టి ఉంటే రాతి మీద 'కనకసాని' అని చెక్కేవారేమో. ఇరవయ్యో శతాబ్దంలో అమ్మతోనే సరిపెట్టుకుంది.

పెన్న ఒడ్డు పల్లెల్లో పాత గుడికి సున్నం వేయించేటప్పుడు గోడ మీదో, ధ్వజస్తంభం పక్కనో అక్షరాల రాయి కనబడితే దాని మీదికి కుంచె పోనివ్వకండి. పేరు చివర సాని అని ఉంటే నవ్వి దాటేయకండి. ఎవరి భార్యో, ఎవరి కూతురో, గుడికి ఏమిచ్చిందో ఆ కింది వరుసల్లో చదవండి. చదవడం రాకపోతే ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి.