నోబుల్ పాఠశాలలో విశ్వాస బోధ: బందరు విద్యాచరిత్రలో ఒక ఘట్టం

మచిలీపట్నంలో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాల తెలుగునాట ఆంగ్ల విద్యకు ఆద్యస్థానాలలో ఒకటిగా సుప్రసిద్ధం. అయితే ఆంగ్ల విద్య ఆయనకు సాధనమే కాని లక్ష్యం కాదు. చర్చ్ మిషనరీ సొసైటీ పక్షాన 1841లో ఆయనతో పాటు వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఊరూరా తిరిగి సువార్త ప్రకటించే మార్గాన్ని ఎన్నుకోగా, నోబుల్ అగ్రవర్ణాల పిల్లలను బడి ద్వారా చేరుకోదలచాడు. గణితం, ఆంగ్లం, తెలుగులతో పాటు బైబిలు కూడా అక్కడ నిత్యపాఠమే. ఉద్యోగార్హతను ఆశించి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియనిది కాదు.

తెలిసీ ఎందుకు పంపారన్నది ఆలోచించవలసిన ప్రశ్న. దీనికి ఒక సమాధానం నోబుల్ పాటించిన కుల నియమంలో ఉంది. అస్పృశ్య కులాల బాలురను ఆయన తన బడిలో చేర్చుకోలేదు. సర్వమానవులూ ఒకే తండ్రి బిడ్డలని బోధించే గ్రంథాన్ని, కొందరు బిడ్డలకు ప్రవేశం లేని గదిలో చదివించడం తోటి మిషనరీలలోనే విమర్శకు గురైంది. ఆ వైరుధ్యాన్ని కేవలం వ్యూహంగా సమర్థించడం కష్టమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బోధ ఒకటి, బడి నడవడి మరొకటి అయినప్పుడు బాలుడు నేర్చుకునేది ఏది? పాఠ్యాంశాల పట్టికను మాత్రమే పరిశీలించే చరిత్రరచన ఈ ప్రశ్నను దాటవేస్తుంది.

1852లో ఈ ఒప్పందం భగ్నమైంది. విద్యార్థులలో బ్రాహ్మణుడైన మంచాల రత్నం, వెలమ కుటుంబానికి చెందిన ఐనాల భూషణం బాప్తిస్మం పొందారు. పట్టణంలో తీవ్రమైన అలజడి చెలరేగింది. విద్యార్థులలో అధికభాగం బడి విడిచి వెళ్ళారు. ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. ఏళ్ళ తరబడి సాగిన బైబిలు పాఠం ఎవరినీ బడి మాన్పించలేదు, బాప్తిస్మం మాన్పించింది. క్రైస్తవ గ్రంథంలోని నీతిని ఆ కుటుంబాలు చదువులో భాగంగా సహించాయి. ఆ నీతి కులాన్ని, కుటుంబాన్ని, పితృకార్యాలను విడదీసే నిర్ణయంగా మారినప్పుడే అది వారికి ప్రమాదమైంది. అందులో తల్లిదండ్రుల దుఃఖం ఎంత నిజమో, ఆ యువకుల నిర్ణయ స్వేచ్ఛ కూడా అంత నిజం. మిషనరీ రచనలు మొదటిదానిని, ప్రతికూల రచనలు రెండవదానిని చిన్నచూపు చూశాయి.

ఇదే కాలంలో బడి పిల్లల నీతిబోధకు మరొక మార్గం కూడా రూపొందుతూ ఉంది. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ పంచతంత్ర కథాసంప్రదాయం నుండి నీతిని గ్రహించింది. అది ఏ మత స్వీకారాన్నీ కోరలేదు. దానిని మిషనరీ విద్యకు ప్రత్యుత్తరమనడానికి ఆధారం లేదు కాని, రెండింటినీ పక్కపక్కన నిలిపితే నీతిని విశ్వాసం నుండి వేరుచేసి బోధించవచ్చా అన్న ఆనాటి సమస్య స్పష్టమవుతుంది. మరుసటి ఏటి ఛార్లెస్ వుడ్ విద్యాపత్రం ప్రభుత్వ పాఠశాలల విషయంలో మత తాటస్థ్యాన్ని ప్రకటిస్తూనే, లౌకిక విద్యాప్రమాణాల ఆధారంగా మిషనరీ బడులకూ ధనసహాయం పొందే వీలు కల్పించింది.

నోబుల్ 1865లో బందరులోనే మరణించాడు. రత్నం, భూషణం ఇరువురూ తరువాత క్రైస్తవ గురువులయ్యారు. అయినా ఆ సంస్థ ప్రభావాన్ని బాప్తిస్మాల సంఖ్యతో కొలవడం సరికాదు. కళాశాలగా ఎదిగిన ఆ సంస్థలో అనంతర కాలాన బ్రహ్మసమాజ విశ్వాసి రఘుపతి వేంకటరత్నం నాయుడు అధ్యాపకుడయ్యాడు. శీలాన్ని చదువుతో సమానంగా పట్టుబట్టి బోధించిన ఆయన ప్రభావం ముట్నూరి కృష్ణారావు వంటి శిష్యులపై గాఢంగా పడింది. ముట్నూరి, నోబుల్ కళాశాలలోనే చదివిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో అదే పట్టణంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు.