హుస్సేన్ సాగర్ మత్తడి కింద

చార్మినార్ కంటే చెరువే వయసులో పెద్దది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ ఆధ్వర్యంలో హుస్సేన్ సాగర్ కట్ట లేచింది. నగరానికి పునాది పడింది ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లకు, 1591లో. చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడల కథ ఆ కట్ట దిగువన మొదలవుతుంది.

నేల వాలు చూస్తే సంగతి తేలిపోతుంది. వాయవ్యాన చెరువు, దక్షిణాన మూసీ, మధ్యలో ఈ పల్లపు భూమి. చెరువు నిండితే మత్తడి దుంకిన నీళ్లు అశోక్ నగర్ మీదుగా నల్లకుంట, గోల్నాక వైపు సాగి మూసీలో కలుస్తాయి. ఇప్పుడు హుస్సేన్ సాగర్ నాలా అంటున్నది ఈ దారినే. ఒకప్పుడు పొలాలకూ తోటలకూ అనువైన చోటు ఇది. పక్కనే ఉన్న బాగ్‌లింగంపల్లి తన పేరులో ఇంకా ఒక తోటను మోస్తూనే ఉంది. తోటలు పోయి ఇళ్లు వచ్చాయి కానీ వాలు మారలేదు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నీళ్లు తమ పాత దారినే వెతుక్కున్నాయి. నాలా వెంట ఉన్న బస్తీలూ కాలనీలూ మునిగాయి. దాన్ని ఆకాశం తప్పుగా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. నీటి దారిని ఇరుకు చేసింది మనమే.

1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌గా వెలిశాక పాత నగరానికీ దానికీ మధ్య రాకపోకలు పెరిగాయి. చాదర్‌ఘాట్ నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి, ముషీరాబాద్ మీదుగా సాగే దారికి ఈ పల్లెలు మజిలీలయ్యాయి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలంలో నగరం నది దాటి ఉత్తరానికి జరగడం వేగం పుంజుకుంది. ముషీరాబాద్ పక్కన అజామాబాద్‌లో కార్ఖానాలు లేచాయి.

అయినా ఈ ప్రాంతానికి సొంత ముఖం ఇచ్చింది రోడ్లూ కార్ఖానాలూ కావు, బడులు. నా లెక్కలో దీని అసలు జన్మ సంవత్సరం 1928. అంతకు ఏడేళ్ల ముందు, 1921 నవంబరులో, హైదరాబాద్‌లో జరిగిన ఒక సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని పెద్దల్లో ఒకరైన మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నెలకొల్పారు. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో అమ్మాయిలకు, అదీ తెలుగులో చదువు! ఉస్మానియా గుర్తింపు అందకపోతే పుణేలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. మన పిల్లల తెలుగు చదువుకు మరాఠీ గడ్డ మీద ముద్ర వేయించుకోవలసి వచ్చిందంటే ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. నారాయణగూడలో నేడు ఆయన పేరుతో నడుస్తున్న ఉన్నత పాఠశాల అదే. 1951లో ఆయన నగర మేయర్ అయ్యారు.

ఆ దారిలోనే 1940లో, న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్ స్మారకంగా కేశవ మెమోరియల్ పాఠశాల వచ్చింది. 1954లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరిట మహిళా కళాశాల వెలిసింది. నారాయణగూడ చౌరస్తా చదువుల చౌరస్తా అయింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజధానికి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు ఎన్నో చిక్కడపల్లి, అశోక్ నగర్ సందుల్లో కాపురాలు పెట్టాయి. వాళ్లతోపాటు సాయంత్రాలూ మారాయి. 1966లో మొదలైన త్యాగరాయ గానసభ కచేరీలకూ నాటకాలకూ పుస్తకావిష్కరణలకూ నిలయమైంది. నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లలో తొలి ఆట చూడకపోతే సినిమా చూసినట్టే కాదనుకున్న తరాలున్నాయి. 2020 ఫిబ్రవరి 7న అదే పాత దారి మీద, ఎత్తున, మెట్రో పరుగు మొదలైంది. చిక్కడపల్లి, నారాయణగూడలకు చెరో స్టేషన్ దక్కింది.

ఇప్పుడు అశోక్ నగర్ అంటే రాష్ట్రమంతటా ఒకటే అర్థం: గ్రూప్స్ కోచింగ్. జిల్లాల నుంచి వచ్చిన యువత హాస్టల్ గదుల్లో సర్దుకుని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దంతా చదువుతుంటారు. తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో వచ్చింది. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చి, అక్టోబరులో మెయిన్స్ దగ్గరపడ్డప్పుడు రిజర్వేషన్లకు సంబంధించిన జీవో 29 మీద అభ్యర్థులు ఈ వీధుల్లోనే ఆందోళనకు దిగారు. ఈ పేటలో అద్దెలూ మెస్సులూ పుస్తకాల దుకాణాలూ నడుస్తున్నది వాళ్ల డబ్బుతోనే. వాళ్లకు సకాలంలో పరీక్ష పెట్టడం, కూర్చుని చదువుకునే చోటు పెంచడం ప్రభుత్వం తీర్చవలసిన బాకీ.