ఎర్రముక్కు కాకి

ఇంగ్లీషు నవలలు చదివే అలవాటున్న వాళ్ళకి కార్న్‌వాల్ పేరు కొత్త కాదు. డాఫ్నే డ్యూ మారియర్ రాసిన 'రెబెకా' చేతబట్టుకుని, వడ్డించిన అన్నం చల్లారిపోతున్నా లేవకుండా, మాండర్లీ భవంతిలో ఆ కొత్త కోడలితోపాటు బిక్కుబిక్కుమంటూ తిరిగినవాళ్ళం మనలో ఎంతమందిమి లేము!

ఇంగ్లండు పటంలో నైరుతి మూల, సముద్రంలోకి చాపిన కాలులా కనిపించే కౌంటీ అది. అంచుల వెంట కొండచరియలు. నడుమ బాడ్మిన్ మూర్ అనే పెద్ద బీడు. గడ్డి, బండరాళ్ళు, చిత్తడి, పొగమంచు తప్ప అక్కడ మరేమీ కనపడదు. 'జమైకా ఇన్' నవలలో ఆవిడ మనల్ని హడలగొట్టింది ఆ బీటిలోనే.

అటు సముద్రం, ఇటు బీడు ఉన్న చోటు కనుక పక్షులకి అది మంచి మజిలీ. అక్టోబరులో పడమటి గాలులు విసురుగా వీచినప్పుడు, అమెరికాలో దక్షిణాదికి పోవలసిన గుప్పెడంత పిట్టలు దారితప్పి, అట్లాంటిక్ సముద్రం మీదుగా కొట్టుకొచ్చి ఈ తీరానా, పక్కనున్న సిల్లీ దీవుల్లోనూ వాలతాయి. ఎన్నడూ చూడని ఆ పిట్టని ఒక్కసారి కళ్ళజూసి, తమ పట్టీలో రాసుకోవడానికి జనం మెళ్ళో దుర్భిణులు వేసుకుని రైళ్ళెక్కి, పడవలెక్కి వస్తారు. మనవాళ్ళు పుష్కరాలకి పోయినట్టే అనుకోండి.

కాని 19వ శతాబ్దంలో ఇదే సరదా ఉన్న పెద్దమనుషుల చేతుల్లో దుర్భిణి ఉండేది కాదు, తుపాకీ ఉండేది. అరుదైన పిట్ట కనిపించిందంటే కొట్టి చేతిలోకి తీసుకుంటేనే నమ్మకం. పెన్‌జాన్స్ పట్టణంలో ఎడ్వర్డ్ హెర్ల్ రాడ్ అనే వకీలు ఉండేవాడు. ఆ ప్రాంతపు పక్షుల మీద గొప్ప గ్రంథం ఆయనదే. ఆయన పోయిన 1880లోనే అది అచ్చయింది. గొప్ప పండితుడే, సందేహం లేదు. కాని ఆ రోజుల్లో పాండిత్యమంటే సగం, గడ్డి కూరి అద్దాల పెట్టెలో నిలబెట్టిన పక్షులే మరి! 'అరుదు' అన్న బిరుదు దక్కడమే పిట్ట పాలిట మరణశిక్ష అన్నమాట.

ఆ శిక్షకి గురైన వాటిలో కార్న్‌వాల్ సొంతపిట్ట ఒకటుంది. పేరు చఫ్. మన కాకి కుటుంబమే. నల్లటి నిగనిగలాడే ఒళ్ళు, లక్కలో ముంచి తీసినట్టు ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్ళు. మన హిమాలయాల్లోనూ ఉంటుంది. కనుక ప్రపంచం మొత్తమ్మీద చూస్తే అంత అరుదైనదేం కాదు. కార్న్‌వాల్‌లోనూ ఒకప్పుడు ఇంటిపక్షిలాగే తిరిగేది.

ఆర్థర్ మహారాజు కన్నుమూశాక ఆయన ప్రాణం ఈ పక్షిలో చేరిందనీ, ముక్కుకీ కాళ్ళకీ ఉన్న ఎరుపు ఆయన ఆఖరి యుద్ధపు నెత్తురనీ అక్కడివాళ్ళ నమ్మకం. దాన్ని చంపితే అరిష్టం. ఆర్థర్ కాకిగా మారాడన్న మాట 1605లో వచ్చిన స్పానిష్ నవల 'డాన్ క్విక్సోట్'లో కూడా కనిపిస్తుంది. తద్దినం నాడు పిండం పెట్టి, కాకి వాలేదాకా గుమ్మం దగ్గర ఎదురుచూసే మనకి ఇందులో వింతేముంది? పోయినవాళ్ళు పక్షులై వస్తారనుకోవడం మనిషికి ఎక్కడైనా ఓదార్పే కాబోలు.

అయితే ఆ నమ్మకం పిట్టని కాపాడలేకపోయింది. చఫ్‌లు తగ్గుతున్న కొద్దీ వాటి గుడ్లకి గిరాకీ పెరిగింది. కొండచరియల మీద తాళ్ళు కట్టుకుని దిగి మరీ ఎత్తుకుపోయారు. 1939లో కౌంటీకి రాజముద్ర వచ్చినప్పుడు అటు జాలరినీ, ఇటు గనికూలీనీ నిలబెట్టి, శిఖరాన చఫ్‌ని కూర్చోబెట్టారు. ముద్ర మీద ఠీవిగా ఉందిగాని, బయట కొండల మీద అప్పటికే కరువైపోయింది.

పక్షుల తరఫున మొదట గట్టిగా నోరు విప్పింది ఆడవాళ్ళే సుమండీ! 1889లో మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ, టోపీలకి పక్షి ఈకలు పెట్టుకోమని స్నేహితురాళ్ళ చేత ఒట్టు వేయించింది. ఎలైజా ఫిలిప్స్, ఎట్టా లెమన్ వంటివాళ్ళు ఆమెతో కలిశారు. మగ పండితుల సంఘాలు ఆడవాళ్ళని దగ్గరికి రానివ్వని రోజులవి. డ్రాయింగ్ రూముల్లో టీ తాగుతూ మొదలుపెట్టిన ఆ సంఘమే 1904లో రాజశాసనం పొంది, నేటి రాయల్ సొసైటీ అయింది. 1921లో ఈకల దిగుమతిని నిషేధించే చట్టం వచ్చింది. 1954 చట్టంతో అడవిపక్షుల గుడ్లు ఎత్తుకుపోవడం నేరమైంది.

ఇన్ని జరిగినా చఫ్ నిలవలేదు. ఎందుకని?

దీని తిండి నేలలో ఉంటుంది. వంపు తిరిగిన ముక్కుతో మట్టిని తవ్వి, పురుగుల్నీ చీమల్నీ ఏరుకు తింటుంది. గడ్డి పొట్టిగా ఉంటేనే ముక్కు మట్టికి అందుతుంది. ఆ గడ్డిని పొట్టిగా ఉంచింది ఎవరంటే, రైతుల ఆవులు, గొర్రెలు, బరువులు మోసే పొట్టిగుర్రాలు. రోజులు మారి వ్యవసాయపు పద్ధతి మారింది. కొండచరియల మీద మేపడం దండగనిపించింది. పశువులు వెళ్ళిపోయాయి, ముళ్ళపొదలు కమ్మేశాయి. ఎర్రముక్కుకి నేల అందకుండా పోయింది. ఇంట్లో రోజూ ఊడ్చే చీపురు ఎవరి కంటా పడదు. నాలుగురోజులు ఊడవకపోతే అప్పుడు తెలుస్తుంది అందరికీ. ఆ మూగజీవాలు చేసిన చాకిరీ కూడా అలాంటిదే.

1947లో కార్న్‌వాల్‌లో చఫ్ పిల్లలు ఆఖరిసారి గూటి నుంచి ఎగిరాయి. తరువాత ఒకే ఒక జంట మిగిలింది. 1967లో అందులో ఒకటి చచ్చిపోయింది. రెండోది ఆ తీరం వదలలేదు. తమ చరియ మీద ఒంటరిగా తిరుగుతూ మరో ఆరేళ్ళు బతికి, 1973లో కన్నుమూసింది. డ్యూ మారియర్ 'వానిషింగ్ కార్న్‌వాల్' అనే పుస్తకం ప్రకటించింది కూడా 1967లోనే. మాయమైపోతున్న కార్న్‌వాల్ అని ఆ పేరుకి అర్థం. ఎంత విచిత్రం చూడండి! ఆవిడ 1989లో పోయేనాటికి ఆ ఆకాశంలో చఫ్ లేదు.

కథ ఇక్కడితో ముగిస్తే విషాదాంత నవల. కాని ముగియలేదు. నేషనల్ ట్రస్టు, పక్షుల సొసైటీ, రైతులు కలిసి కొండచరియల మీద పొదలు కొట్టించి, మళ్ళీ ఆవుల్నీ గుర్రాల్నీ మేతకి తోలారు. 2001లో లిజార్డ్ అనే దక్షిణపు కొనమీద మూడు చఫ్‌లు వాటంతటవే వచ్చి వాలాయి. ఐర్లండు నుంచి ఎగిరివచ్చినవని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చారు. మరుసటి ఏడాదే ఒక జంట గూడు కట్టింది. గుడ్ల దొంగల భయానికి ఊళ్ళోవాళ్ళూ, పక్షిప్రేమికులూ వంతులు వేసుకుని, చలిగాలిలో రాత్రింబవళ్ళు కాపలా కాశారు. పురిటిగది గుమ్మంలో పెద్దవాళ్ళు కూర్చోరూ, అలాగ! ఆ ఏడు మూడు పిల్లలు ఎగిరాయి. ఇంగ్లండు మొత్తానికే 1947 తరువాత అదే మొదటి కాన్పు. ఆనాటి ఒక్క జంట సంతతి, తరువాత వచ్చి చేరినవీ కలిసి నేడు పదుల జంటలుగా గూళ్ళు కడుతున్నాయి.

కార్నిష్ భాషలో చఫ్‌ని 'పలోరెస్' అంటారు. తవ్వేది అని అర్థం. ఆ భాషదీ ఇదే కథ. 18వ శతాబ్దం చివరికి ఇళ్ళల్లోంచి జారిపోయింది. 20వ శతాబ్దంలో కొందరు పాత రాతలు తిరగేసి, పట్టుబట్టి నేర్చుకుని, తమ పిల్లలకి నేర్పారు. ఆ ఎర్రముక్కు కాకికి రాజుగారి ప్రాణమని పేరుపెట్టినంతకాలం ఒరిగిందేమీ లేదు. పొద్దున్నే ఆవుల్ని కొండమీదికి తోలేవాడు ఒకడు దొరికాకే దానికి తిండి దొరికింది. ఆ తోలడం ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం చెయ్యాలి. మానేస్తే పొదలు మళ్ళీ రావడానికి ఎంతోకాలం పట్టదు.