దీమపు కౌజు: మూడు భాషల్లో బతికిన ఒక వేటమాట

దీమం అనే మాట ఈ రోజు మన పిల్లల్లో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళలో కూడా అడిగితే తప్ప చెప్పరు. వేటగాడు పెంచి, మచ్చిక చేసి, అడవిలో కట్టేసి, దాని జాతి జంతువునే దగ్గరికి రప్పించడానికి వాడే పిట్టనో లేడినో దీమం అంటారు. 1852లో వచ్చిన బ్రౌన్ దొర నిఘంటువులో దీమము ఉంది. దీపం అన్న సంస్కృతపు మాటకూ దీనికీ చుట్టరికం చెప్తారు. ఎర వేరు, దీమం వేరు. ఎర కడుపుకు ఆశ చూపిస్తుంది, దీమం తోటి ప్రాణిని చూపిస్తుంది.

హోసూరు చుట్టుపక్కల స్థిరపడిన మాలాంటి కుటుంబాలకు ఈ మాట మూడు రకాలుగా వినిపించేది. ఇంట్లో దీమం. పక్క ఊళ్ళో కన్నడం మాట్లాడేవాళ్ళ పాత మాటల్లో దీవ, దీహ. తమిళంలో పార్వై, అంటే చూపు. చూపించి పట్టేది కాబట్టి ఆ పేరు. భాష మారినా పని ఒకటే. పొలం గట్టు మీద ముగ్గురు మూడు భాషల్లో మాట్లాడుకున్నా చేతిలో పంజరం ఒకటే ఉండేది.

ఈ విద్య మనవాళ్ళు దక్షిణానికి వచ్చేటప్పుడు మూటగట్టుకుని తెచ్చిందేమీ కాదు. ఇక్కడ అంతకు ముందే ఉంది. సంగకాలపు తమిళ కావ్యం పెరుంబాణాట్రుప్పడైలో వేటగాళ్ళ గుడిసె వర్ణన వస్తుంది. ఆ గుడిసె ముంగిట్లో వెలగచెట్టు, ఆ చెట్టు మొదట్లో కట్టేసిన పార్వై లేడి. కట్టి కట్టి చెట్టు మొదలు అరిగిపోయిందట. ఆ కావ్యనాయకుడు ఏలింది కంచి. మనకు కొత్త చోటు కాదు. ఇక పడమటి వైపు చూస్తే, కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు సుమారు 1130లో రాయించిన మానసోల్లాసం ఉంది. రాజుల వినోదాలన్నీ వరసబెట్టి చెప్పిన ఆ గ్రంథంలో వేట ఒక పెద్ద భాగం. పెంపుడు లేడిని చూపి అడవి లేడిని రప్పించడం కూడా అందులో ఉంది. ఆ కల్యాణి ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ.

దీమం ఎందుకు పనిచేస్తుంది అన్నది చూస్తే, మూడు కారణాలు కనిపిస్తాయి: గుంపు, జత, పగ.

గుంపుగా బతికే పక్షికి తన వాళ్ళు ఎక్కడ దిగితే అక్కడ భయం లేదని నమ్మకం. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో తుంగతో అల్లిన బాతుబొమ్మలు 11 దొరికాయి. వాటి వయసు సుమారు 2000 ఏళ్ళు. నీళ్ళ మీద వాటిని తేలనిస్తే పైన ఎగిరే బాతులు దిగుతాయి. ఇది గుంపు మీద ఆధారపడ్డ దీమం.

జత కోసం వచ్చేవాటిలో పెద్దది ఏనుగు. పెంపుడు ఆడ ఏనుగులను చూపించి అడవి ఏనుగులను ఆవరణలోకి రప్పించడం గురించి మెగస్తనీసు రాశాడని గ్రీకు గ్రంథాలు చెప్తాయి. మానసోల్లాసంలోనూ ఆడ ఏనుగులతో పట్టే పద్ధతి వేరేగా ఉంది.

మూడోది పగ. మగది తన చోట్లో ఇంకో మగదాన్ని సహించదు. కృష్ణజింకలో మగదాన్ని మనవాళ్ళు ఇర్రి అన్నారు. పెంపుడు ఇర్రి కొమ్ములకు వల కట్టి వదిలితే అడవి ఇర్రి పోట్లాటకు వస్తుంది, కొమ్ములో కాలో ఆ వలలో చిక్కుకుంటుంది. అక్బరు కాలపు అయినీ అక్బరీలో ఈ పద్ధతిని వివరంగా రాశారు. రామాయణంలో మారీచుడు మాయలేడి అయ్యాడు కదా, అది ఆశ చూపించే దీమం. ఇర్రిది కోపం రేపే దీమం. మా వైపు పల్లెల్లో ఎక్కువగా నడిచింది ఈ కోపపు దీమమే, అదీ కౌజుపిట్టతో.

కౌజు అంటే మెట్టపొలాల్లో, తుమ్మ కంపల్లో, జిల్లేడు పొదల్లో తిరిగే బూడిదరంగు పిట్ట. కన్నడంలో గౌజలు, తమిళంలో కౌదారి. ఒళ్ళంతా సన్నటి చారలు. పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. దీని శాస్త్రీయ నామంలో పాండిచ్చేరి ఉంది: పాండిసెరియానస్. ఫ్రెంచి యాత్రికుడు సొన్నెరా అక్కడి పిట్టను వర్ణించాడు, దాన్ని పట్టుకుని 1789లో గ్మెలిన్ ఆ పేరు పెట్టాడు. యానాంలో ఉన్న మన బంధువులకు ఇది చెప్తే సంతోషిస్తారు, వాళ్ళ పరిపాలన కేంద్రం పేరు మన చేల పిట్టకు ఉందని. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ దొర 1862 నుంచి 1864 మధ్య అచ్చువేసిన భారతదేశపు పక్షుల పుస్తకంలో దీనికి తెలుగు పేరు కూడా రాసిపెట్టాడు.

ఇక దీమపు కౌజును ఎంచడం. మా ఇంటి అటక మీద వెదురు బద్దల పంజరం ఒకటి ఉండేది. అడుగున చిన్న పలక, పైన పట్టుకోవడానికి కొంకి. దాన్ని చూపించి పెద్దవాళ్ళు చెప్పిన సంగతులు ఇవి.

మొదటిది, పిట్ట మగదై ఉండాలి. కౌజులో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కాలి వెనక ముల్లు చూసి మగదని పోల్చుకునేవాళ్ళు. రెండోది, పసిపిల్లగా ఉన్నప్పుడే చేతికి రావాలి. ముదిరిన పిట్ట పంజరం చువ్వలకు తల బాదుకుంటుంది, అడవిలో పెడితే నోరు మెదపదు. అందుకే గుడ్లు దొరికితే ఇంటి కోడి కింద పొదిగించేవాళ్ళు. కౌజుపిల్ల గుడ్డులోంచి వచ్చిన కాసేపటికే పరుగెత్తుతుంది, కోడి వెనకే తిరుగుతుంది, మనిషి వెనక కూడా తిరుగుతుంది. మూడోది, దానికి చెదలు కావాలి. పొద్దున్నే పుట్ట తవ్వి చెదలు తెచ్చి చేత్తో పెడితే పిట్ట మనిషికి అలవాటవుతుంది. కుక్కపిల్లలా యజమాని వెంట పొలానికి నడిచి వచ్చే కౌజులు ఉండేవి. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యం, గొంతు. అందమైన పిట్ట అక్కర్లేదు, పిలిచే పిట్ట కావాలి. పక్కనే మనిషి అలికిడి ఉన్నా ఆపకుండా కూసేదే దీమానికి పనికొస్తుంది. పది పిల్లల్లో అలాంటిది ఒకటి దొరికితే గొప్ప అనేవాళ్ళు.

వాడే పద్ధతి కూడా లెక్కగానే ఉండేది. తెల్లవారకముందే పంజరానికి గుడ్డ కప్పి తీసుకెళ్ళాలి. ముందు రోజు సాయంత్రమే ఏ పొదలో కౌజు కూసిందో విని పెట్టుకోవాలి. పంజరాన్ని ఆ పొదకు మరీ దగ్గరా కాక, మరీ దూరమూ కాక, కాస్త ఖాళీగా ఉన్న నేల మీద పెట్టాలి. చుట్టూ గుర్రపు వెంట్రుకలతో పేనిన ఉచ్చులు వరసగా నాటాలి. తర్వాత గుడ్డ తీసేసి మనిషి తప్పుకోవాలి. వెలుతురు తగలగానే పిట్ట కూస్తుంది. ఆ చోటు నాదే అనుకునే అడవి మగ కౌజు బదులు కూస్తుంది, దగ్గరవుతుంది, మెడ నిక్కించి పంజరం చుట్టూ తిరుగుతుంది. తిరిగేటప్పుడు కాలు ఉచ్చులో పడుతుంది. తొందరపడి లేచినవాడికి పిట్ట దక్కదు. ఆలస్యం చేసినవాడికి కాలు విరిగిన పిట్ట దక్కుతుంది.

ఇందులో నిజమైన విద్వాంసులు మనం కాదు. భూములున్న కుటుంబాలు పంజరం వేలాడదీసుకుని సరదా తీర్చుకున్నాయి. విద్య మాత్రం సంచార వేటకులాల వాళ్ళది: మనవైపు పిట్టలవాళ్ళని పిలిచినవాళ్ళు, తమిళనాట నరికురవలు, మహారాష్ట్రలో పార్ధీలు. ఏ పిట్ట ఎప్పుడు ఏ గొంతుతో కూస్తుందో వాళ్ళకు తెలుసు, నోటితో కూసి చూపేవాళ్ళు. మన పెద్దలు కౌజుపిల్లలు కొన్నది వాళ్ళ దగ్గరే, ఉచ్చులు పేనించుకున్నదీ వాళ్ళ చేతనే. పుట్టుకతోనే మనుషులను నేరస్థులని రాసే చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. పార్ధీల వంటి వేటగాళ్ళు చాలామంది ఆ జాబితాల్లో చేరారు. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. ఒకే పిట్టను ఒకే పద్ధతిలో పట్టినా మన ఇంట్లో దానికి సరదా అని పేరు, వాళ్ళ గుడిసెలో నేరం అని పేరు. మన కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు ఈ ముక్క వదిలేస్తే అది సగం చరిత్రే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర చూపడం, పట్టుకోవడం అన్నీ వేటే. 1991 సవరణతో వేట దారులు దాదాపు అన్నీ మూసుకున్నాయి. అడవి కౌజును పట్టడం, పంజరంలో పెంచడం ఇప్పుడు నేరం. అది మంచిదే. కానీ పిట్టలు పట్టడమే బతుకుగా ఉన్నవాళ్ళకు ఒక్కసారిగా బతుకు పోయింది. దాని బదులు చేతికి ఇంకో పని అంత తొందరగా రాలేదు. పిట్టను కాపాడటం, మనిషిని నిలబెట్టడం రెండూ కలిసి నడవాల్సినవి.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు దీమం అంటే తెలియదు గానీ, అక్కడి వేటసామాను దుకాణాల్లో ప్లాస్టిక్ టర్కీ కోళ్ళను చూసే ఉంటారు. మన పెద్దలు సీమకోడి అని, తమిళులు వాన్‌కోళి అని పిలిచే పక్షి అడవిరూపం అది. అక్కడ వసంతకాలంలో, చాలా రాష్ట్రాల్లో మగపక్షి వేటకే అనుమతి. వేటగాడు ఆడ టర్కీ బొమ్మను, దాని పక్కన ఈడొచ్చిన చిన్న మగదాని బొమ్మను సుమారు 20 గజాల దూరంలో నిలబెడతాడు. ఆడబొమ్మ జతకు పిలుస్తుంది, మగబొమ్మ పగ రేపుతుంది. మగబొమ్మ ముఖం వేటగాడి వైపు తిప్పి పెడతారు, ఎందుకంటే అడవి మగది ఎదురుగా వచ్చి తలపడుతుంది, అప్పుడు దాని వీపు వేటగాడికి దొరుకుతుంది. మన కౌజు లెక్కే ఇది, పక్షి పెద్దది, పంజరం లేదు, అంతే తేడా.

ఇంకో తేడా కూడా ఉంది, అది చిన్నది కాదు. అక్కడ బాతుల వేటలో ప్రాణమున్న దీమాన్ని 1935లోనే దేశమంతటా నిషేధించారు. బొమ్మ మిగిలింది. బొమ్మ ఎంత బాగుంటే అంత ప్రమాదం కూడా, తోటి వేటగాడే దాన్ని నిజం పక్షి అనుకుని కాల్చవచ్చు. అందుకే బొమ్మను సంచిలో దాచి మోసుకెళ్ళమని, భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోమని, ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు వేసుకోవద్దని అక్కడ నేర్పుతారు. మగ టర్కీ తలలో ఆ మూడు రంగులూ ఉంటాయి. 20వ శతాబ్దం మొదట్లో చాలా రాష్ట్రాల్లో ఈ పక్షి మాయమైంది. మిగిలిన చోట్ల వలలతో పట్టి, ఖాళీ అయిన అడవుల్లో వదిలి మళ్ళీ పెంచారు. పట్టే విద్యనే పెంచడానికి వాడుకున్నారు.

మనవైపు ఆ విద్య అలా ఉపయోగపడలేదు. పంజరంతో పాటు మాట కూడా అటకెక్కింది. దీమం, ఇర్రి, ఉచ్చు పేనడం, కౌజు కూత ఇవన్నీ ఒకే మూటలోవి. మూట విప్పేవాడు లేకపోతే మాటలు ఒక్కొక్కటే జారిపోతాయి. హోసూరులో తమిళ బడికి, బెంగళూరులో కన్నడ బడికి, ఇంకెక్కడో ఇంగ్లీషు బడికి పోయే పిల్లలకు తెలుగు వంటింటి మాటలుగానే మిగులుతోంది. చేను మాటలు, అడవి మాటలు ముందే పోయాయి.

వేట మళ్ళీ రావాలని మేం అనడం లేదు. పొద్దున్నే కౌజు కూస్తే వినడానికి చెవులు చాలు. మీ ఇళ్ళలో 70 దాటిన తాతనో జేజినో కూర్చోబెట్టి దీమం అంటే ఏమిటని అడగండి. బరంపురంలో ఏమన్నారు, షోలాపురంలో ఏమన్నారు, కోయంబత్తూరు వైపు కమ్మవారి పల్లెల్లో ఏమన్నారు, రాసి పెట్టండి. ఆ పిట్టలు పట్టి తెచ్చిన మనిషి ఎవరో, ఏ కులమో, ఆ కుటుంబం ఇప్పుడెక్కడుందో కూడా అడగండి. ఆ సంగతులు మన పెద్దలకు గుర్తున్నంత కాలమే మనకూ దొరుకుతాయి.