తిరుగు టపా ఖర్చు ఎవరిది?

తెలుగువారి శుభలేఖలో ముహూర్తం ఉంటుంది, విందు వేళ ఉంటుంది, చందన తాంబూలాది సత్కారాలు స్వీకరించమన్న విన్నపం ఉంటుంది. "మీరు వస్తున్నారా?" అన్న ప్రశ్న మాత్రం ఉండదు. పాశ్చాత్యుల పెళ్ళి ఆహ్వానంలో ఆ ప్రశ్నే ఒక ప్రత్యేకమైన కార్డుగా ఉంటుంది. దానితోపాటు చిరునామా రాసిన చిన్న కవరు, కవరుపై ముందుగానే అతికించిన స్టాంపు కూడా ఉంటాయి. "విస్తళ్ళు లెక్కపెట్టుకుని పెళ్ళి చేస్తారా?" అని మనవాళ్ళు నవ్వుకోవటం నేను చాలాసార్లు విన్నాను. నవ్వే ముందు ఆ స్టాంపు చరిత్ర కాస్త తెలుసుకోవటం మంచిదని నాకనిపిస్తుంది. మనం రాతలకు ముద్దుగా పెట్టుకున్న 'టపా' అన్న పేరుకు అసలు హక్కుదారు కథ ఇది.

ఉత్తరం ఖర్చు పంపినవారే భరించాలన్న నియమం అంత పాతదేమీ కాదు. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా వచ్చేదాకా అక్కడ సాధారణంగా ఉత్తరం అందుకున్నవారే డబ్బు కట్టేవారు. మన దేశంలో 1837లో కంపెనీ తపాలా ప్రజలకు అందుబాటులోకి వచ్చినప్పుడు రుసుము దూరాన్ని బట్టి ఉండేది; తులం బరువు ఉత్తరం కలకత్తా నుంచి బొంబాయికి పోవటానికి ఒక రూపాయి. 1854లో దూరంతో నిమిత్తం లేని ఒకే రేటు, దేశమంతటా చెల్లే తపాలా బిళ్ళ వచ్చాయి. బిళ్ళ అంటించని ఉత్తరానికి రెట్టింపు వసూలు చేసేవారు. మన పెద్దలు 'బేరంగు ఉత్తరం' అన్నది దీనినే. బరువైన శుభలేఖకు చాలీచాలని స్టాంపు అంటిస్తే లోటుకు రెట్టింపు అతిథి చేతి నుంచే పోతుంది. పెళ్ళికి పిలుస్తూ జరిమానా వేయటమన్నమాట!

దేశమంతటా అన్నానుగాని, అందులో తెలుగునేలకు ఒక మినహాయింపు ఉన్నది. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది; 1869 నుంచి సొంత బిళ్ళలు కూడా ఉండేవి. అవి ఆ రాజ్యం లోపలే చెల్లుబాటు. ఓరుగల్లు నుంచి బెజవాడ వియ్యాలవారికి శుభవార్త పంపాలంటే నిజాం బిళ్ళ పనికిరాదు, బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాలి. ఒకే భాష, ఒకే బంధుత్వం, రెండు తపాలాలు! 1950లో నిజాం బిళ్ళలకు కాలం చెల్లేవరకు ఈ స్థితి సాగింది.

ఇక జవాబు సంగతి. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీ ప్రపంచంలో తొలి పోస్టుకార్డును విడుదల చేసింది. 1872లో జర్మనీ దానికి ఒక జంటను చేర్చింది: రెండు కార్డులు కలిసి ఉంటాయి, మొదటిదాని మీద మనం రాస్తాం, అందుకున్నవారు రెండోదాన్ని చింపి జవాబు రాసి పంపుతారు. రెండింటి రుసుమూ మనదే. మన దేశంలో 1879 జులై 1న కాలణాకు పోస్టుకార్డు వచ్చింది. కొద్ది సంవత్సరాలకే రిప్లై కార్డు కూడా వచ్చింది. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. అందుకున్నవారు కట్టే కాలం పోయి, పంపినవారు కట్టే కాలం వచ్చి, ఎదుటివారి జవాబుకు కూడా పంపినవారే కట్టే కాలం వచ్చింది. పెళ్ళి ఆహ్వానంలోని స్టాంపు ఆ మూడో మెట్టుకు చెందినది. 20వ శతాబ్దపు తొలినాళ్ళ పాశ్చాత్య మర్యాద గ్రంథాలు అతిథి స్వహస్తంతో, తన కాగితం మీదే జవాబు రాయాలనేవి. ముద్రించిన కార్డు ఆ శ్రమను తగ్గించింది, స్టాంపు ఖర్చును తగ్గించింది.

మనవారు వేరే దారి పట్టారు. దగ్గరివారిని బొట్టు పెట్టి పిలిచేవారు. దూరపువారికి శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాసి, కవరు మూత అంటించకుండా లోపలికి మడిచి, పైన 'బుక్ పోస్టు' అని రాసి తక్కువ రుసుముతో పంపేవారు. లోపల సొంత కబురు రాస్తే అది ఉత్తరం కిందికి వస్తుంది, పూర్తి రుసుము కట్టవలసిందే. రాలేనివారి జవాబు టెలిగ్రాంగా వచ్చేది. తంతి శాఖ శుభాకాంక్షల వాక్యాలకు అంకెలు కేటాయించింది. పంపేవారు అంకె చెబితే చాలు, అందే చోట పూర్తి వాక్యం రంగుల కాగితం మీద ప్రత్యక్షమయ్యేది. ఆ జవాబు ఖర్చు అతిథిదే. 2013 జులైలో టెలిగ్రాం సేవ ముగియటంతో ఆ ముచ్చటా తీరిపోయింది.

సముద్రాలు దాటిన తెలుగువారికి నిజాం నాటి చిక్కే మళ్ళీ ఎదురైంది. అమెరికాలో పెళ్ళి చేస్తూ గుంటూరులోని పెదనాన్నగారికి అమెరికా స్టాంపు అంటించిన జవాబు కవరు పంపితే అది ఇక్కడ చెల్లదు. ఏ దేశంలో టపాలో వేస్తే ఆ దేశపు బిళ్ళే కావాలి. ఈ చిక్కుకు 1906లో రోము నగరంలో జరిగిన ప్రపంచ తపాలా సమావేశం ఒక విరుగుడు కనిపెట్టింది: అంతర్జాతీయ జవాబు కూపను. దాన్ని అందుకున్నవారు తమ దేశపు బిళ్ళలతో మార్చుకోవచ్చు. 1920లో బోస్టన్‌లో ఛార్లెస్ పోంజీ ఈ కూపన్ల వ్యాపారం పేరు చెప్పే వేలమందిని ముంచాడు! అమెరికా తపాలా శాఖ 2013లో వీటి అమ్మకం మానుకున్నది.

కనుక జవాబు కార్డు పంపదలచినవారికి నా మనవి: అన్నీ కూర్చిన కవరును తపాలా కార్యాలయంలో తూకం వేయించి స్టాంపు కొనండి. జవాబు కవరుకు అతిథి ఉండే దేశపు స్టాంపే అంటించండి. అది దొరకకపోతే ఫోను చేసి అడగండి. కార్డు వెనుక సన్నగా ఒక సంఖ్య వేసుకుంటే పేరు రాయటం మరచినవారెవరో తెలుస్తుంది.

జవాబు అడగటం అమర్యాద అని నేననుకోను. వడ్డించి పారబోసే అన్నం కంటే ముందుగా అడిగే మాట మేలు. అయితే ఆ జవాబు భారాన్ని పిలిచినవారే మోయాలి. వాట్సాప్‌లో శుభలేఖతోపాటు జవాబు లంకెను పంపేవారు ఈ సంగతి ఆలోచించాలి. ఆ లంకెను తెరవలేని పెద్దమ్మకు అది బేరంగు ఉత్తరమే. ఆమె జవాబు రాలేదని పేరు కొట్టివేయకుండా, మనమే ఒకసారి పలకరిస్తే తిరుగు టపా ఖర్చు చెల్లించినట్టే.